ప్రసాదం ప్లేటు, కానుక సంచి

(క్రైస్తవ పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ హెడ్ నర్సు జవాబులు)

ఈ నెల పదిహేడు ఉత్తరాలొచ్చాయి. తొమ్మిది ప్రసాదం గురించే. దసరా వెళ్లాక ఏటా ఇంతే, సంక్రాంతి వెళ్లాక ఇంకో విడత వస్తాయి. అన్నీ వేయలేను కాబట్టి ఒకటి వేస్తున్నాను, మిగతా ఎనిమిదిమందీ అందులోనే తమ జవాబు వెతుక్కోవాలి. పోతే ఒక ఉత్తరం మాత్రం, ఆరేళ్లుగా ఈ పేజీ రాస్తున్నా నాకెప్పుడూ రాని ప్రశ్నతో వచ్చింది. దాన్ని చివర పెట్టాను. నాలుగుసార్లు రాసి చింపేశాక గానీ దానికి జవాబు కుదరలేదు.

*

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఆయుధ పూజ రోజు అందరి కంప్యూటర్లకూ కుంకుమ పెట్టి, టీమంతా నిలబెట్టి హారతిచ్చారు. నేను ఆ అరగంటా బాత్రూంలో దాక్కున్నాను. బయటికొచ్చాక పులిహోర ప్లేటు చేతిలో పెడితే కాదనలేక తిన్నాను. ఆదివారం ఈ సంగతి చెబితే మా యూత్ లీడరు, విగ్రహాలకు అర్పించింది తిన్నావు, ఈ నెల ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనలో) చెయ్యి పెట్టొద్దన్నాడు. అన్యుల మధ్య పనిచేసేవాళ్లు ఎలా మెలగాలి?
– ఒక సోదరుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, ముందు ఆ 'అన్యులు' అన్న మాట తీసి పక్కన పెట్టు. నీ పక్క సీటులో కూర్చుని, నీకు జ్వరమొస్తే నీ పని తనమీద వేసుకునే మనిషికి వేరే పేరుంటుంది కదా, ఆ పేరుతో పిలువు.

ఇక పులిహోర. పౌలు కొరింథువాళ్లకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం, పదో అధ్యాయం ఒకే కూర్చోవడంలో చదువు. ఆ ఊళ్లో గుళ్లో బలిచ్చిన మాంసం కటికవాడి అంగడికి కూడా వచ్చేది. బజారులో కొన్నదాన్ని ఆరా తీయకుండా తినమన్నాడు. ఎవరన్నా భోజనానికి పిలిస్తే వెళ్లి, పెట్టింది తినమన్నాడు. 'ఇది బలిచ్చింది' అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. అదే అధ్యాయంలో, ప్రభువు బల్లమీదా దయ్యాల బల్లమీదా రెండిట్లోనూ పాలుపొందలేరనీ అన్నాడు. మీ యూత్ లీడరు పట్టుకున్నది ఆ ఒక్క మాట. తప్పు పట్టుకున్నాడని అనను. తక్కినవి వదిలేశాడంటాను.

నేనేం చేశానో చెబుతాను, అది చట్టం కాదు. పదకొండేళ్లు ఆపరేషన్ థియేటర్‌లో చేశాను. మహర్నవమి రోజు ఆటోక్లేవ్‌కి, టేబుల్‌కి, లైటుకి బొట్లు పెట్టేవారు. థియేటర్ తాళాలు నా దగ్గరుండేవి, కనుక తలుపు తీసేది నేనే. స్టెరైల్ డ్రమ్ముల మూతలమీద పెట్టుకోండి, లోపలికి మాత్రం కుంకుమ పోనివ్వనని ముందే చెప్పేదాన్ని. సర్జన్ గారు కొబ్బరికాయ కొడుతుంటే గోడవారన నిలబడేదాన్ని. హారతి పళ్లెం నా ముందుకొస్తే నవ్వి, పక్కనున్న ఆమె వైపు చూపించేదాన్ని. రెండో ఏడు నుంచి పళ్లెం నా ముందు ఆగడం మానేసింది, అంతే. ఒకేడు గుమ్మంలో బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. ఆ ముక్కలమీద స్ట్రెచర్ చక్రం జారి పేషెంటు పడబోయాడు. ఆ తర్వాత ఏటా కాయ పగలగానే చీపురు పట్టుకునేది నేనే. పూజ వాళ్లది, తుడుపు నాది. పులిహోర తిన్నాను. బాగుండేది కూడా.

మా అమ్మ తినేది కాదు. మా పక్కింటి పిన్నిగారికి అది తెలుసు. సంక్రాంతికి అరిసెలు వండితే, దేవుడి దగ్గర పెట్టకముందే ఒక గిన్నెలోకి తీసి, 'మీవి ముందే తీశానొదినా, ఇంకా నైవేద్యం పెట్టలేదు' అని గోడమీంచి అందించేది. ఆ గిన్నె అందుకుంటూ మా అమ్మ ఏ వాక్యమూ చెప్పలేదు. క్రిస్మస్‌కి అదే గిన్నె నిండా రోజా పూల బిస్కట్లు వెళ్లేవి. ప్రార్థన చేసిన కేకు మాత్రం మా అమ్మే పంపేది కాదు. ఆవిడకు అవతలివాళ్ల మనస్సాక్షి కూడా లెక్కే.

నీ సంగతిలో నాకు నచ్చనిది పులిహోర కాదు, బాత్రూం. రాజుల రెండో గ్రంథంలో సిరియా సేనాపతి నయమాను దాక్కోలేదు. కుష్ఠు పోయాక ఎలీషాను అడిగాడు: మా రాజు నా చేతిమీద ఆనుకుని రిమ్మోను గుళ్లో మొక్కుతాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దీన్ని యెహోవా క్షమిస్తాడా అని. ఎలీషా అవుననలేదు, కాదనలేదు. 'నెమ్మదిగలిగి పొమ్ము' అన్నాడు. ప్రవక్త అంతటివాడే రూలు పెట్టకుండా వదిలేసిన చోట మన యూత్ లీడర్లు కొలబద్ద పట్టుకుని నిలబడుతున్నారు. వచ్చే ఏడు పూజకు రెండ్రోజుల ముందే మీ మేనేజరుతో చెప్పు: 'సార్, నేనుంటాను, కుర్చీలు వేస్తాను, హారతి మాత్రం తీసుకోను, ఏమీ అనుకోవద్దు.' ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే అప్పుడు రాయి. బల్ల సంగతి మీ పాస్టరుగారితో మాట్లాడు, అది యూత్ లీడరు చేతిలో ఉండాల్సిన పని కాదు.

*

ప్రశ్న: స్నేహితురాలి గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం ఉంది. వెళ్లవచ్చా? తాంబూలం, బొట్టు ఇస్తే?
– ఒక సోదరి, భీమవరం

జవాబు: వెళ్లు. వ్రతం దగ్గర కూర్చోలేకపోతే వంటల దగ్గర కూర్చో, అక్కడ ఎప్పుడూ మనుషులు చాలరు. బొట్టు వద్దని మెల్లగా చెప్పు, జాకెట్ గుడ్డ తీసుకో. బంతి చివరిదాకా ఉండి విస్తళ్లు తీయించి రా. కొత్త ఇంటికి ఏదైనా పనికొచ్చేది పట్టుకెళ్లు. వాక్యం రాసిన గోడ గడియారం మాత్రం కాదు తల్లీ, ఆవిడ దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియక సతమతమవుతుంది.

*

ప్రశ్న: నేను నర్సింగ్ (జీఎన్‌ఎం) మూడో సంవత్సరం. వార్డులో బాధపడేవాళ్లను చూస్తే చెయ్యి పట్టుకుని ప్రార్థన చేయాలనిపిస్తుంది. మా సంఘంలో అది నీ పరిచర్య అంటున్నారు. మా ట్యూటర్ చూస్తే ఊరుకోదు. దేవుని మాట వినాలా, మనుషుల మాట వినాలా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మాయ్, నీ సెలైన్ సూది ఎక్కించుకుంటున్నవాడు నీకు 'వద్దు' అని చెప్పగలడా? ఇదే నేను నిన్ను అడిగేది. మంచంమీద ఉన్నవాడు మన చేతి కింద ఉన్నాడు. నొప్పి మందు మన ట్రేలో ఉంది, బెడ్ పాన్ మనమే ఇవ్వాలి. వాడు నీ ప్రార్థనకే కాదు, నువ్వు ఏం చేసినా తలూపుతాడు. అలా ఊపిన తలను సాక్ష్యంగా లెక్కవేసుకోవద్దు.

మన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి సంగతి మీ నానమ్మల దగ్గర వినే ఉంటావు. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. ఆ జనంలో ఎందరో వచ్చి బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. కూలి కోసం కలిశారనిపించుకోకూడదని, కరువు పనులు నడిచినంతకాలం ఆగాడు. తీరా మొదలుపెట్టాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో ఇచ్చారు. కూటాల్లో మనవాళ్లు ఆ 2,222 దగ్గరే చప్పట్లు కొట్టిస్తారు. నాకు మాత్రం అంతకుముందు ఆగిన ఆ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. ఆకలితో ఉన్నవాడి 'సరే'ని ఆయన 'సరే'గా తీసుకోలేదు.

నేను ప్రార్థన చేయలేదా అంటే, చేశాను. నైట్ డ్యూటీలో రెండు గంటలకు రౌండు కొడుతూ ఒక్కో మంచం దగ్గరా పేరు అనుకుంటూ వెళ్లేదాన్ని. పెదవి కదిలేది కాదు. చేతిలో టార్చి, బీపీ మిషను. ఎవరైనా వాళ్లంతట వాళ్లు 'సిస్టరమ్మా, నా కోసం మీ దేవుణ్ని అడుగు' అంటే డ్యూటీ దిగాక, యూనిఫాం మార్చుకుని, మామూలు చీరలో వచ్చి కూర్చునేదాన్ని. అప్పుడు నా చేతిలో ట్రే లేదు. వాళ్లకు నచ్చకపోతే అటు తిరిగి పడుకోవచ్చు.

మీ ట్యూటర్ చెప్పేది దేవుని మాటకు ఎదురనుకోకు. పుండు కడిగేటప్పుడు గాజుగుడ్డ ఎండి అతుక్కుపోతే సెలైన్‌తో తడిపి మెల్లగా తీస్తావా, చర్రున లాగుతావా? మూడో సంవత్సరంలో నేను చూసే పరిచర్య అదే.

*

ప్రశ్న: మా ఇంటి పక్కనే ప్రార్థన మందిరం. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకే మైకు. మేమూ విశ్వాసులమే. ఎదురింటివాళ్ల బాబుకి ఇంటర్ పరీక్షలు, వాళ్లు వచ్చి మాకు చెప్పుకున్నారు. మా పాస్టరుగారితో అంటే 'గుడి మైకు వెయ్యట్లేదా?' అన్నారు.
– ఒక విశ్వాసి, చీరాల

జవాబు: గుడి మైకు సంగతి గుడివాళ్లు చూసుకుంటారు. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి లౌడ్‌స్పీకరు వాడకూడదు, ఆసుపత్రికి 100 మీటర్ల లోపల అసలే కూడదు. అదే ఏడు సుప్రీంకోర్టు, ఇతరుల నెమ్మది చెడగొట్టి మైకులో ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తీర్పిచ్చింది. ఆ కేసు మద్రాసులో ఒక చర్చి మీద వచ్చిందే. మనకు ఆ ఘనత దక్కింది మరి.

మీ పాస్టరుగారి మనసు నొప్పించకుండా కావాలంటే ఆ ఇంటర్ బాబును ఒకసారి ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. హాల్ టికెట్ చూపించి, 'అయ్యగారూ, నా కోసం ప్రార్థన చేయండి' అని వాడి చేతే అడిగించండి. తర్వాత ఏం జరిగిందో నాకు రాయండి.

*

ప్రశ్న: అమ్మగారూ, నా పేరు వేయొద్దు. మాది పల్నాడు. డిగ్రీ అయిపోయింది, గ్రూప్-2కి చదువుతున్నాను. మా సర్టిఫికెట్లలో ఎస్సీ అని ఉంది. చిన్నప్పట్నుంచీ చర్చికే వెళ్తాం. నాకు బాప్తిస్మం తీసుకోవాలని బలంగా ఉంది. నాన్న ఉద్యోగం వచ్చేదాకా ఆగమంటున్నారు. ఆగితే ప్రభువును ఎరగనన్నట్టేనా?

జవాబు: ఈ ప్రశ్న నాకు ఎవరో రాసినట్టు లేదు. మా ఇంట్లోంచే వచ్చినట్టుంది.

ముందు చట్టం. ఎస్సీల జాబితా తెచ్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాళ్లు ఎస్సీలు కారని అది చెబుతుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో కలిపారు. మనల్నీ, ముస్లింలనీ కలపలేదు. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు, వాళ్ల సంతానం బీసీ-సి, రిజర్వేషన్ ఒక శాతం. ఆ మూడో పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో ఇదే సంగతి పరిశీలించమని బాలకృష్ణన్ కమిషన్ వేశారు. కోర్టులో పిటిషన్లు 2004 నుంచీ ఉన్నాయి. 2024 నవంబరులో పుదుచ్చేరి అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు, చర్చికి వెళ్తూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. సర్టిఫికెట్ అబద్ధమని తేలితే 1993 నాటి చట్టం కింద దాన్ని రద్దు చేస్తారు, ఉద్యోగం పోతుంది, శిక్ష కూడా ఉంది. ఇవన్నీ తెలిసే నిర్ణయించుకో.

ఇక న్యాయం. మా ఊళ్లో హోటల్లో మా నాన్నకు వేరే గ్లాసు ఉండేది. చూరులో దోపి ఉంచేవాళ్లు. ఆయన బాప్తిస్మం తీసుకున్నాక ఆ గ్లాసు మారలేదు. హోటలాయన సంఘం రిజిస్టరు తెప్పించుకుని చూడలేదు మరి. ఏరు దాటితే కులం కొట్టుకుపోతుందని ఆ ఉత్తర్వు రాసినవాళ్లు అనుకున్నారేమో, పేటలో ఉన్న మాకు మాత్రం అలా అనిపించలేదు. సంఘంలోకి వచ్చాకైనా పోయిందా అంటే, మాల చర్చి, మాదిగ చర్చి అని ఊళ్లో ఎవర్నడిగినా దారి చూపిస్తారు. సమాధుల తోటలు వేరుగా ఉన్న ఊళ్లు నాకు తెలుసు. ఈ చట్టం తప్పని నేను ఎక్కడైనా చెబుతాను, ఈ పేజీలోనూ చెబుతున్నాను.

నేను బీసీ-సి. స్కూల్లో చేర్చేటప్పుడు నాన్న అలాగే రాయించాడు. దానివల్ల నాకు నర్సింగ్ సీటు రెండేళ్లు ఆలస్యమైంది, ప్రమోషన్లలో నా తర్వాత చేరినవాళ్లు నా ముందుకెళ్లారు. మా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి నాన్న మనసు మార్చుకుని ఇంకోలా రాయించాడు. వాడు టీచరయ్యాడు, వాడి పిల్లలు ఇంజినీర్లయ్యారు. నాన్న పోయినప్పుడు గుంట దగ్గర ఇద్దరం పక్కపక్కనే మట్టి వేశాం. నాకు వాడిమీద కోపం ఉండేదా అంటే ఉండేది. ఒక్కోసారి వాడి పిల్లల చదువు చూసి ఉండేది. ఆ కోపాన్ని చాలాకాలం భక్తి అనుకున్నాను.

కాబట్టి ఏసీ కారులో వచ్చి 'లోకాన్ని వదిలేయండి' అని కేకలేసే ప్రసంగీకుల మాటమీద నువ్వు నీ తండ్రిని తప్పుపట్టకు. ఆయన పిరికివాడు కాదు, నీ చేతిలో అన్నం చూడాలనుకుంటున్నాడు. అలాగని నువ్వు అడిగినదాన్ని దాటవేయను. బాప్తిస్మాన్ని నోటిఫికేషన్‌కు ముడిపెట్టుకోవద్దని నా మాట. ఉద్యోగం వచ్చాక ప్రొబేషన్ అంటావు, అదయ్యాక ప్రమోషన్ అంటావు. తీసుకుంటే మాత్రం నేరుగా తహసీల్దారు దగ్గరికి వెళ్లి బీసీ-సి పెట్టించుకో. నీళ్లలోంచి లేచి, మళ్లీ ఒక కాగితంమీద వేరే మనిషిగా సంతకం పెట్టే బతుకు ఎంత బరువో మా తమ్ముడిలో చూశాను. ముప్ఫై ఏళ్లు వాడు సంఘంలో ఫొటో తీస్తుంటే పక్కకు తప్పుకునేవాడు. క్రిస్మస్ గ్రూప్ ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ వాడు లేడు.

ఇంకా సిద్ధంగా లేనంటావా, లేనని ప్రభువుతో చెప్పు. ఆయన దగ్గర దాపరికం ఎందుకు? రాత్రివేళ వచ్చిన నీకొదేమును పగలు రమ్మని ఆయన తిప్పి పంపలేదు. ఆదివారం చర్చికి వెళ్లడం మానకు, గ్రూప్-2 చదవడమూ మానకు. ఏది తేల్చుకున్నావో రాయక్కర్లేదు.

*

ప్రశ్న: నేను ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటును. ఏ శాఖో రాయొద్దు. ఫైలు కదిలితే పైన ఇంత అని అందరికీ వాటా వస్తుంది. నేను అడగను, వాళ్లే ఇస్తారు, తీసుకోకపోతే పై అధికారులు అనుమానిస్తారు. జీతంలో దశమభాగం (పదో వంతు) చర్చికి తప్పకుండా ఇస్తున్నాను. ఈ పై సంపాదనలో కూడా దశమభాగం ఇవ్వాలా? ఇస్తే అంగీకారమేనా?

జవాబు: ఇదీ, ఆరేళ్లలో మొదటిసారి వచ్చిన ఉత్తరం. ప్రసాదం గురించి ఎన్ని వచ్చాయో లెక్కలేదు. మన విశ్వాసులు ఇన్ని ఆఫీసుల్లో ఉన్నారే, కవర్లు ఒక్కరికీ అందడం లేదనుకోవాలా? ప్లేటు నలుగురి ముందు చేతికొస్తుంది, కాబట్టి బెంగ. కవరు టేబుల్ కింద వస్తుంది. మీరు అడిగినందుకు మాత్రం మీకు వందనాలు.

బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, బాప్తిస్మానికి వచ్చి 'మేమేం చేయాలి?' అన్నారు. ఉద్యోగం మానేయమనలేదు ఆయన. మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సిపాయిలతో మీ జీతాలతో తృప్తిపొందండన్నాడు. లూకా మూడో అధ్యాయంలో ఉంది. పై అధికారి అనుమానిస్తే ఏం చేయాలో మాత్రం అక్కడ రాయలేదు, ఆ కష్టం నాకు తెలుసు.

తెలుసని ఎందుకన్నానంటే, వినండి. 1986లో నేను లేబర్ రూములో స్టాఫ్ నర్సును. కాన్పు కాగానే ఆయా బిడ్డను గుడ్డలో చుట్టి బయటికి తీసుకెళ్లేది. మగబిడ్డయితే ఇరవై, ఆడబిడ్డయితే పది. అప్పటి రేటు. తెల్లారి డ్యూటీ దిగేముందు అందరం పంచుకునేవాళ్లం. మీలాగే నేనూ అడిగేదాన్ని కాదు. నా వాటా నా అల్యూమినియం టిఫిన్ డబ్బా కింద పెట్టి ఉండేది. తీసుకోకపోతే, 'ఈమె ఎవరికైనా చెబుతుందేమో' అనేవాళ్లు. తీసుకున్నాను.

ఒక శనివారం రాత్రి ఒక పిల్లకు కాన్పు కష్టమైంది. మగబిడ్డ. ఆ రోజు ఆయా ఒక్కతే ఉంది, బేసిన్లు కడుగుతోంది. అందుకని బిడ్డను నేనే తీసుకెళ్లాను. అమ్మమ్మ ఒక్కతే వరండాలో ఉంది. బిడ్డ మొహం చూసి, నేను నోరు తెరవకుండానే, కొంగు ముడి పళ్లతో విప్పింది. ఎనిమిది మడతలు పెట్టిన నోట్లు, ఆకూ వక్కా వాసన. రెండు పదులు. చేయి చాచాను. ఆ చెయ్యి ఇప్పుడూ నా ఒంటినే ఉంది.

నా వాటాకు ఐదు రూపాయలొచ్చాయి. తెల్లారితే ఆదివారం, మా చర్చిలో కోత పండుగ. డ్యూటీ దిగి నేరుగా వెళ్లాను. కానుక సంచి వచ్చినప్పుడు ఆ ఐదూ వేశాను. వేసి, మనసు తేలికైందనుకున్నాను. మీరడిగిన 'అంగీకారమేనా' అన్న ప్రశ్న నాకప్పుడు తట్టలేదు. నేను పదో వంతు కాదు, మొత్తం ఇచ్చేశాను కదా!

మంగళవారం వాళ్లను డిశ్చార్జి చేశారు. గేటు దగ్గర ఆ అవ్వ, బాలింత, గుడ్డలో బిడ్డ, వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. ఎవరి కోసమమ్మా అంటే, 'ఊరి బండి ఏదన్నా వస్తుందేమోనని తల్లీ. బస్సు డబ్బులు కాన్పునాడు ఖర్చయిపోయినయ్' అంది. ఎవరికి ఖర్చయ్యాయో ఆవిడకు గుర్తులేదు. ఆ రాత్రి చీకట్లో నా మొహం ఆవిడ చూడలేదు. పర్సులో ఎంతుందో తీసి ఇచ్చాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని, 'నీ కడుపు చల్లగుండ' అంది. ఆవిడ డబ్బు ఆవిడకిచ్చి దీవెన పుచ్చుకున్నాను. నిజం చెప్పలేకపోయాను. బస్సు ఎక్కించేటప్పుడు ఊరు అడగాలని కూడా తోచలేదు.

మా పాస్టరుగారికి చెప్పి, ఆ ఐదు రూపాయలు వెనక్కివ్వండి, అది కానుక కాదన్నాను. ఆయన మంచివాడే, తల గోక్కుని, 'లెక్క రాసేశామమ్మా, ఆడిట్‌కి కూడా వెళ్లింది' అన్నారు.

ఆ తర్వాత డబ్బా కింద వాటా ముట్టుకోలేదు. మూడు నెలలు నాతో ఎవరూ టీ తాగలేదు. నన్ను కాలిన కేసుల వార్డుకు మార్చారు, అక్కడ ఎవరి దగ్గరా ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఎవరిమీదా ఫిర్యాదు చేయలేదు నేను, అంత ధైర్యం లేదు. మీకు ఉంటే ఏసీబీ వాళ్ల నంబరు 1064. లేకపోతే కనీసం మీ వాటా మీరు తీసుకోకండి. అనుమానిస్తారు, మీరన్నది నిజమే. సీటు మారుస్తారు. ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి, ఖర్చులు తగ్గించుకోవడానికి ఆవిడకు రెండు నెలలు పడుతుంది.

ఇక దశమభాగం. ఇవ్వొద్దు. పది శాతమూ వద్దు, నూరు శాతమూ వద్దు, సంచికి అది చేరకూడదు. సుంకరి జక్కయ్యను చూడండి, నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది మందిరానికి కాదు, ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకే. నాకు ఆ అవ్వ పేరూ తెలియదు, ఊరూ తెలియదు. రెండేళ్లపాటు బస్టాండులో ముసలివాళ్ల మొహాలు చూసుకుంటూ తిరిగాను. మీ సంగతి వేరు. మీ టేబుల్‌మీద దరఖాస్తుల రిజిస్టరు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, గ్రామం, ఈమధ్య ఫోన్ నంబరు కూడా.